బొంతకు కట్టిన కథ

అమెరికాలో చాలా బడుల్లో పిల్లలకు ఒక కథ చెబుతారు. బానిసత్వం ఉన్న రోజుల్లో, దక్షిణాది తోటల నుంచి ఉత్తరాదికీ కెనడాకూ పారిపోయే నల్లజాతివారికి దారి చూపడానికి కంచెల మీద బొంతలు (క్విల్టులు) ఆరవేసేవారట. బొంత మీది నమూనాయే సంకేతమట. రెంచి బొమ్మ కనబడితే పనిముట్లు సర్దుకోవాలి. బండి చక్రం కనబడితే ప్రయాణానికి సిద్ధం కావాలి. ఎలుగుబంటి పాదం కనబడితే కొండల్లో దాని జాడ పట్టుకుని సాగాలి. ‘లాగ్ క్యాబిన్’ నమూనాలో నడిమి గడి నల్లగా ఉంటే ఆ ఇంట్లో తలదాచుకోవచ్చు. చదువు నేర్వడమే నేరమైన చోట సూదీ దారమూ అక్షరాలైన కథ ఇది. వింటే మనసు కరుగుతుంది. కానీ ఇది చరిత్ర కాదు.

ఈ కథ లోకమంతా పాకింది 1999లో జాక్వెలిన్ టోబిన్, రేమండ్ డోబర్డ్ రాసిన ‘హిడెన్ ఇన్ ప్లెయిన్ వ్యూ’ పుస్తకంతో. దక్షిణ కరోలినాలోని చార్ల్స్‌టన్ బజారులో క్విల్టులు అమ్మే ఒక వృద్ధురాలు, తమ ఇంట్లో తరతరాలుగా చెప్పుకునేవారని చెప్పిన మాటే దానికి ప్రధాన ఆధారం. నోటి మాటను చిన్నచూపు చూడడం మా అభిమతం కాదు. రాత లేనివారి చరిత్రకు చాలాసార్లు నోరే దిక్కు. అయితే ఒక నోటి మాటను పది నోళ్ళ మాటలతో సరిచూసుకోవాలి. పారిపోయి వచ్చినవారిని స్వయంగా ఆదుకున్న విలియం స్టిల్ వారి అనుభవాలను 1872లో పెద్ద పుస్తకంగా వేశాడు. బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ మూడు ఆత్మకథలు రాశాడు. 1930లలో ప్రభుత్వ పథకం కింద రెండు వేలమందికి పైగా మాజీ బానిసల జ్ఞాపకాలు నమోదయ్యాయి. వీటిలో ఎక్కడా ఈ సంకేత భాష ఊసు లేదు. పైగా ఆ సంకేతాలలో చెప్పే నమూనాల పేర్లు చాలావరకు 19వ శతాబ్దం చివర, ఆ తరువాత పత్రికల్లో అచ్చయి స్థిరపడినవి. లాగ్ క్యాబిన్ బొంతలు విరివిగా కనబడేది 1860ల నుంచే. బానిసత్వం రద్దయింది 1865లో. అయినా 2007లో న్యూయార్కు సెంట్రల్ పార్కు పక్కన డగ్లస్ స్మారకంలో ఈ కథను శిలాక్షరం చేయబోతే చరిత్రకారులు అడ్డుపడవలసి వచ్చింది.

పాత బొంతల చుట్టూ అల్లుకున్న కథలు ఇంకా ఉన్నాయి. తొలినాటి వలస ఇల్లాలు పొదుపు కోసం చిరుగుపాతలు దాచి అతుకుల బొంత కుట్టిందనేది ఒకటి. ఆ కాలంలో చనిపోయినవారి ఇళ్ళలో రాసిన ఆస్తి జాబితాలు చూస్తే ఉన్ని దుప్పట్లు కనబడతాయి. క్విల్టులు తక్కువ, ఉన్నవి ఖరీదైనవి. బట్ట చవక కానిదే అతుకుల బొంత ఇంటింటికీ రాదు. అది 19వ శతాబ్దంలో నూలు మిల్లులు పెరిగాక జరిగింది. 1876లో దేశానికి నూరేళ్ళు నిండినప్పుడు, ఆ తరువాతి దశాబ్దాలలో, యంత్రయుగంతో విసిగిన మనుషులు పాతకాలాన్ని ముచ్చటగా ఊహించుకున్నారు. పొదుపరి ముత్తవ్వ ఆ ఊహలో పుట్టింది. భగవంతుడొక్కడే లోపం లేనివాడు కనుక కుట్టే స్త్రీలు కావాలనే ఒక గడిని తప్పుగా కుట్టేవారన్నది మరో కథ. దానికీ ఆధారం లేదు. వాళ్ళు కుట్టు తీరుగా రావాలనే పాటుపడ్డారు. అలసిన కళ్ళ వల్లా, చాలని గుడ్డ వల్లా దొర్లిన పొరపాటును మనం వేదాంతం చేశాం.

నిజం తేల్చే దారి బట్టలోనే ఉంది. బొంతలో అన్నిటికన్నా కొత్త గుడ్డ ఏదో, బొంత వయసు అంతకు మించదు. 1856లో పెర్కిన్ అనే రసాయన శాస్త్రవేత్త తొలి కృత్రిమ రంగు కనుగొన్నాడు. అటువంటి రంగు ఉన్న గుడ్డ అంతకు ముందుది కాజాలదు. బార్బరా బ్రాక్‌మన్ వంటి పరిశోధకులు రంగు, అచ్చు, నేత, కుట్టు పరిశీలించి తేదీలు కట్టే పద్ధతిని స్థిరపరిచారు. ఇంటివాళ్ళు చెప్పిన తేదీకీ బట్ట చెప్పిన తేదీకీ పొంతన కుదరనప్పుడు బట్ట మాటే నిలవాలి.

కల్పనను తీసేస్తే చరిత్ర వెలవెలబోతుందని భయపడనక్కరలేదు. క్విల్టుకూ బానిసత్వానికీ ఉన్న అసలు సంబంధం బొంత లోపలి దూదిలోనే ఉంది, పైన అచ్చువేసిన గుడ్డలోనూ ఉంది. 1860 నాటికి అమెరికాలో దాదాపు 40 లక్షలమంది బానిసలు. ఆ ఏటి పత్తి పంట దాదాపు 40 లక్షల బేళ్ళు. ఉత్తరాది ఇల్లాలికి చవగ్గా దొరికిన రంగుల గుడ్డ వెనుక ఆ చేతులున్నాయి. కంచె మీది సంకేతాల కథ చెప్పుకుని తృప్తిపడితే ఆ చేతుల గురించి అడగడం మరచిపోతాం.

అంతకు ముందు తరం ఖరీదైన క్విల్టులలో మన తీరం చేతులూ ఉన్నాయి. మచిలీపట్నం నుంచి, కోరమండల్ తీరంలోని ఇతర రేవుల నుంచి ఓడలకెక్కిన అద్దకపు బట్టల మీది పూలూ పక్షులూ కత్తిరించి, తెల్లని బట్ట మీద అతికి కుట్టిన బొంతలు ఇంగ్లండులోనూ అమెరికాలోనూ మ్యూజియాలలో ఉన్నాయి. ఆ బట్టల మోజు ఎంతగా పెరిగిందంటే, తమ నేతగాళ్ళను కాపాడుకోవడానికి బ్రిటిష్ పార్లమెంటు 1721లో అద్దకపు నూలు బట్టల వాడకాన్నే నిషేధించింది. ఆ పూలు గీసినవారి పేర్లు మాత్రం దాదాపు ఎక్కడా నమోదు కాలేదు.

పేరు నమోదైతే ఏమవుతుందో హారియెట్ పవర్స్ జీవితం చెబుతుంది. 1837లో జార్జియాలో బానిసగా పుట్టిన ఆమె బైబిలు ఘట్టాలను బొమ్మలుగా అతికి కుట్టిన బొంతను 1886లో ఏథెన్స్ పట్టణపు పత్తి సంతలో ప్రదర్శించింది. జెన్నీ స్మిత్ అనే చిత్రకళ ఉపాధ్యాయిని కొంటానంటే ఇవ్వలేదు. కొన్నేళ్ళకు ఇల్లు గడవక అయిదు డాలర్లకు ఇచ్చేసింది. ఇచ్చేటప్పుడు ఒక్కొక్క గడిలో ఏముందో వివరించింది. స్మిత్ రాసుకుంది. ఆ తరువాత కూడా తన బొంతను చూసుకోవడానికి పవర్స్ వచ్చిపోయేది. ఇప్పుడది స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. బోస్టన్ మ్యూజియంలో ఉన్న రెండో బొంతలో 1833 నవంబరు 13 రాత్రి కురిసిన ఉల్కలనూ కుట్టింది. ఆమెకు చదువు రాదని చాలాకాలం రాశారు. 1896లో ఆమె రాసిన ఉత్తరం వెలుగులోకి వచ్చాక ఆ మాటా దిద్దుకోవలసి వచ్చింది. బొంతలో కథ చెప్పిన నల్లజాతి స్త్రీ నిజంగానే ఉంది. ఆమె ఉండగా కల్పన ఎందుకు?

ఈ ప్రశ్న మనకూ వర్తిస్తుంది. ఢాకా మస్లిన్ నేతగాళ్ళ బొటనవేళ్ళను తెల్లవాళ్ళు నరికించారని వేదికల మీద వింటూనే ఉన్నాం. ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన విలియం బోల్ట్స్ 1772లో అచ్చువేసిన పుస్తకంలో ఉన్నది వేరు. ముడిపట్టు దారం తీసేవాళ్ళు, కంపెనీ మనుషుల బలవంతపు చాకిరీ తప్పించుకోవడానికి, తమ బొటనవేళ్ళు తామే కోసుకున్నారని ఆయన రాశాడు. ఆ దౌర్జన్యాన్ని చెప్పడానికి ఈ మాట చాలు. దాన్ని మార్చి చెబితే, అబద్ధం బయటపడిన రోజున అసలు దౌర్జన్యాన్ని కూడా జనం నమ్మరు. అన్యాయానికి గురైనవారి తరఫున మాట్లాడేవాళ్ళు మరింత జాగ్రత్తగా ఆధారాలు చూసుకోవలసింది అందుకే.

కథలు రాసే హక్కు రచయితకు ఎప్పుడూ ఉంది. కథను చరిత్రగా అచ్చువేసే హక్కు ఏ పత్రికకూ లేదు. మా పాఠకులకు ఒక విన్నపం. మీ ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో పాత చీరలతో కుట్టిన బొంత ఉంటే, తెలిసినవాళ్ళు బతికి ఉండగానే అడగండి. కుట్టినవారి పేరు, ఊరు, ఏడు, ఏ చీర ఎవరిదో గుడ్డముక్క మీద రాసి బొంత వెనుక కుట్టి ఉంచండి. తెలియని చోట తెలియదనే రాయండి.