ఉక్కపోతలో ఇంజన్ ఆగితే సరే, మనిషి ఆగితే?

మే నెలలో తెనాలి నుంచి రేపల్లె రైలెక్కినవాళ్లకి తెలుసు, ఎండ ఒక ఎత్తు, ఉక్క ఒక ఎత్తు. చెమట కారుతూనే ఉంటుంది, ఆరదు. కుండలో నీళ్లు కూడా సరిగా చల్లబడవు.

నీరు ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. కుండ, కూలర్, చెమట, అన్నిటి కిటుకూ అదే. ఒకవైపు వేడి గాలి, ఇంకోవైపు తడిసి చల్లబడ్డ భాగం ఉంటే ఆ తేడాతో ఇంజన్ తిప్పి కరెంటు తీయొచ్చంటారు. అబద్ధమేమీ కాదు. గ్లాసులోకి వంగి లేచే పిట్టబొమ్మ ఆడేది అలాగే. నీరు ఆవిరవడంతోనే, వేరే పద్ధతిలో, 2015లో అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీవాళ్లు చిన్న బొమ్మ కారు నడిపారు, బుల్లి లైటు వెలిగించారు.

మరి మన ఊళ్లో? లెక్క చూద్దాం తమ్ముళ్లూ, చెల్లెళ్లూ. గాలి 40 డిగ్రీలుండి, తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ 28 చూపిస్తే తేడా 12. ఎంత గొప్ప ఇంజన్ అయినా ఆ వేడిలో నూటికి 4 వంతుల లోపే పనిగా మార్చగలదు. కార్నో సూత్రం పెట్టిన హద్దు అది. అంటే ఒక్క యూనిట్‌కి తక్కువలో తక్కువ 40 లీటర్ల దాకా నీళ్లు ఆవిరవ్వాలి. బాపట్ల సముద్రపు గాలిలో తేడా 5కి పడిపోతే 90 లీటర్లు. అసలు ఇంజన్‌కి ఇంకా ఎక్కువే కావాలి.

రాత్రంతా ఒక ఫ్యాను తిరిగినా యూనిట్ కాలదు. దానికోసం ఇన్ని బిందెల నీళ్లు గాలికి వదలాలా, లైను లాగాలా?

ఇంకో మాట. ఆ తేడా తగ్గిన రోజు ఇంజన్ ఆగితే కొంప మునగదు. కానీ మన ఒంటిని చల్లబరిచేది కూడా చెమట ఆవిరవడమే. రొయ్యల చెరువు గట్ల మీద కాపలా ఉండే, పీతల కోసం బురదలో దిగే యానాదులకి ఇది ప్రాణాల మీది లెక్క. తడి థర్మామీటర్ 35 చూపిస్తే నీడలో ఊరికే కూర్చున్న ఆరోగ్యవంతుడు కూడా కొన్ని గంటలకి మించి తట్టుకోలేడు. కష్టం చేసేవాడికి ప్రమాదం అంతకన్నా చాలా ముందే మొదలవుతుంది. మనమేమో 40 దాటిందా లేదా అనే చూస్తాం. 34 డిగ్రీల ఉక్కలో పడిపోయినోడిది ఎవరూ వడదెబ్బ అనరు.

కాబట్టి ఎవరైనా కాలనీకొచ్చి ఇలాంటి ఇంజన్ చూపిస్తే రెండే అడగండి. తేడా ఎన్ని డిగ్రీలు? నీళ్లు ఎవరివి?

అంతకన్నా ముందు ప్రతి గుడిసెకీ మీటరు అడుగుదాం. ఎస్టీ కాలనీ ఇళ్లకి నెలకి 200 యూనిట్ల దాకా ఉచితం అంటారు, మీటరుంటేనే కదా ఆ ఉచితం. చెరువు గట్టు మీద నీడ, తాగే నీళ్లు, ఉక్క రోజుల్లో మధ్యాహ్నం పని ఆపుకునే హక్కు అడుగుదాం. వీటికి కొత్తగా ఏదీ కనిపెట్టక్కర్లేదు.