పున్నమ్మతోట గొంతులు

విజయవాడ బందరు రోడ్డు మీదుగా వెళ్ళినప్పుడెల్లా పున్నమ్మతోటలోని ఆకాశవాణి కేంద్రం వైపు మా చూపు పోతుంది. మా నాన్నగారు పొలం నుండి వచ్చి, కాళ్ళు కడుక్కొని, అన్నం కంటె ముందు రేడియో పెట్టేవారు.

1938 జూన్ 16న మద్రాసు కేంద్రం ఆరంభమైనప్పుడు తెలుగువారికి దక్కినది తమిళంతో పంచుకొన్న సమయమే. హైదరాబాదులో నిజాం ప్రభుత్వపు దక్కన్ రేడియో ఉండేది గాని అక్కడ ఉర్దూదే పెద్దపీట. అది 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసింది. కోస్తా పల్లెలకు తమ గడ్డమీదనే స్టూడియో దొరికినది 1948 డిసెంబరు 1న, విజయవాడలో.

తొలి రోజులలో నాటకమైనా పాటయైనా చాలామట్టుకు అప్పటికప్పుడు ప్రసారమయ్యేది. ఎర్రదీపం వెలిగాక దగ్గు వచ్చినా ఆపుకోవలసిందే. కాగితం తిప్పిన చప్పుడును కూడ మైకు పట్టేస్తుంది. తరువాత టేపులు వచ్చినవి. అవి ఖరీదైనవి గనుక పాతది చెరిపి దానిమీదనే కొత్తది రికార్డు చేసేవారు. అలాగు ఎన్ని మంచి గొంతులు పోయినవో! పొదుపే గాని, పెద్ద నష్టం.

ఉషశ్రీ గారి రామాయణ, భారత ప్రసంగాలు క్యాసెట్లుగా రావడం వలన నిలిచాయి. మేము పాదిరులమైనా దాచుకోనేల, వాక్యం ఎక్కడ ఆపాలో ఆయన మాట వినే నేర్చుకొన్నాము.

మీ పెద్దలు రేడియో ప్రక్కన టేపురికార్డరు పెట్టి పట్టిన క్యాసెట్లు ఏ ట్రంకుపెట్టెలోనైనా ఉంటే పారవేయకండి. చెమ్మ తగిలితే టేపు అతుక్కుపోతుంది. ఈ వానకాలం రాకముందే ఒకసారి తీసి చూడండి.