సూరత్ తెలుగువారు: రెండు ముక్కల పేరు, మూడు ముక్కల రికార్డు

పవర్‌లూమ్‌లను నమ్ముకుని తెలంగాణ నుంచి సూరత్ వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు లింబాయత్ వంటి ప్రాంతాల్లో తరాలుగా స్థిరపడ్డాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ బడులూ నడుపుతోంది. భాషకు చోటు దొరికింది. చిక్కల్లా పేరుతోనే.

తెలుగువారి పేరులో ముందు ఇంటిపేరు, తర్వాత సొంత పేరు. ఇంటిపేరు చాలాసార్లు పొడి అక్షరంగా కుదించుకుపోతుంది. గుజరాతీ పేరుకు భాగాలు మూడు: ఇంటిపేరు, సొంత పేరు, తండ్రి పేరు. పెళ్లయిన స్త్రీకైతే తండ్రి పేరు స్థానంలో భర్త పేరు వస్తుంది. సూరత్‌లో పుట్టిన నటుడు సంజీవ్ కుమార్ అసలు పేరు హరిహర్ జెఠాలాల్ జరీవాలా. వరుస మారినా భాగాలు మూడే. జరీ పని నుంచి ‘జరీవాలా’ వచ్చినట్టే మనకు ‘గాజుల’ వంటి ఇంటిపేర్లున్నాయి. గౌరవానికి చేర్చే ‘భాయ్’, ‘బెన్’ మన ‘అయ్య’, ‘అమ్మ’ల్లాంటివే.

అర్థాలు కలుస్తాయి, కాగితాలే కలవవు. సొంతూరి రికార్డులో ‘జి. లక్ష్మి’గా ఉన్న మహిళ సూరత్‌లో భర్త పేరుతో కలిపి ‘గాజుల లక్ష్మీబెన్’ కావచ్చు.

ఎన్నికల సంఘం 2025 అక్టోబర్ 27న ప్రకటించిన ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ రెండో దశలో గుజరాత్ కూడా ఉంది. అందులో ఓటర్ల వివరాలను పాత సవరణ జాబితాలతో పోల్చారు. వలస కుటుంబాల పాత ఆధారాలు వేరే రాష్ట్రంలో, వేరే పద్ధతిలో ఉంటాయి. పేరు రాసే తీరు మారినంత మాత్రాన మనిషి మారినట్టు కాదు. ఈ తేడా అధికారులకు తెలియాలి. కుటుంబాలూ పొడి అక్షరాలు మాని, అన్నిచోట్లా పూర్తి ఇంటిపేరు ఒకేలా రాయించుకోవడం మేలు.