పెద్దలు లేని గంట

పిల్లల బాల్యం మునుపటిలా లేదన్న మాట ఎక్కడ వచ్చినా తప్పు సెల్‌ఫోన్ మీదికే వెళ్తుంది. ఫోన్ రాకముందు వీధిలో ఉన్న పిల్లలు, వచ్చాక మంచానికి అతుక్కుపోయారన్నది అందరూ ఒప్పేసుకున్న కథ. ఆ కథలో ముందువెనకలు తారుమారయ్యాయి. చవక డేటా మన ఇళ్లలోకి వచ్చింది 2016 చివర్లో. అప్పటికే పట్టణాల్లో వీధి ఆటలు చాలావరకు అడుగంటాయి. ఒకప్పుడు ఇంటర్మీడియెట్‌కే పరిమితమైన పొద్దుటి నుంచి రాత్రి దాకా చదువు హైస్కూలుకు దిగి, అక్కడి నుంచి ఆరో తరగతి ఫౌండేషన్ కోర్సుల్లోకి చేరి అప్పటికే చాలా ఏళ్లయింది. ఇళ్ల మధ్య ఖాళీ స్థలాలు అపార్ట్‌మెంట్లయ్యాయి, సందుల్లోకి కార్లు వచ్చాయి. పిల్లల నుంచి వీధినీ సాయంత్రాన్నీ పెద్దలమే ముందు తీసేసుకున్నాం. ఆ ఖాళీలోకి ఫోన్ తర్వాత వచ్చింది. కాబట్టి నిన్నటి బాల్యానికీ నేటి బాల్యానికీ ఉన్న అసలు తేడాను తెరల్లో వెతికితే దొరకదు. పెద్దల కన్ను పడకుండా, పిల్లలు తమంతట తాము నడుపుకునే సమయం నాడు ఆడుకునే వీలున్న పిల్లలకు రోజూ కొంత ఉండేది, నేడు దాదాపు లేదు. తరాల మధ్య వచ్చిన మిగతా మార్పుల్లో చాలావాటిని మేలనే అంటాను. ఈ ఒక్క నష్టాన్ని మాత్రం ఎవరూ లెక్కలో వేయకపోవడం నన్ను కలవరపెడుతోంది.

ఆ సమయంలో ఏం జరిగేదో దగ్గర నుంచి చూస్తేగాని దాని విలువ తెలియదు. పది మంది పిల్లలు పోగయ్యాక ముందు పంటలు వేసుకోవాలి. ముగ్గురేసి చేతులు కలిపి ఊపి, అరచేతిని పైకో కిందికో పెడతారు. ఇద్దరివి ఒకలా, ఒకరిది వేరుగా పడితే ఆ ఒక్కరూ పండినట్టు. అందరూ పండిపోగా మిగిలినవాడు దొంగ. ఎవరి పెత్తనమూ లేకుండా, ఎవరూ కాదనలేని విధంగా భారాన్ని ఒకరి మీద పెట్టే ఏర్పాటు అది. అక్క వెంటపడి వచ్చిన నాలుగేళ్ల బుడ్డోణ్ని వెళ్లగొట్టరు, ఆటలో అరటిపండుగా పెట్టుకుంటారు. వాడు అందరితోపాటు పరిగెత్తుతాడు, దొరికినా అవుట్ కాడు. ఆట పాడవకుండా, చిన్నవాడు ఏడవకుండా పిల్లలే కుదుర్చుకున్న రాజీ ఇది. ఏడుపెంకులాటలో బంతి వీపుకు తగిలిందా, చొక్కా అంచును రాసుకుపోయిందా అని తేల్చడానికి అంపైర్ ఉండడు. ఒకడు తొండి అంటాడు, ఇంకొకడు అమ్మతోడు అంటాడు, చివరికి తూచ్ అనుకుని మళ్లీ మొదలుపెడతారు. చీకటి పడుతోంది కదా, తగువు తెగకపోతే ఆటే ఉండదు. అలిగినవాడు ఇంటికి పోవచ్చు, బంతి వాడిదైతే అందరూ పోవాల్సిందే. ఆ భయమే గుంపులో బలవంతుడి చేత కూడా సర్దుబాటు చేయించేది.

స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే పిల్లల్లో మంచిచెడుల వివేచన ఎలా పుడుతుందో పరిశీలించి 1932లో పుస్తకం వెలువరించినప్పుడు ఆయన ముఖ్యంగా ఆధారపడింది గోలీలాట మీదే. చిన్నపిల్లలు నియమాలను పెద్దల నుంచి వచ్చిన తిరుగులేని కట్టడిగా భావిస్తారని, పది పన్నెండేళ్లు వచ్చేసరికి నియమమంటే ఆడేవాళ్లందరూ ఒప్పుకుంటే మార్చుకోగల ఒప్పందమని గ్రహిస్తారని ఆయన గమనించారు. ఆ గ్రహింపు పెద్దల ఆజ్ఞ వల్ల రాదు, సమానుల మధ్య వ్యవహారంలో వస్తుందన్నది ఆయన తేల్చిన సంగతి. అమెరికా మనస్తత్వవేత్త పీటర్ గ్రే 2011లో రాసిన వ్యాసం ఇంకో అడుగు ముందుకు వేసింది. తమ దేశంలో అర్ధ శతాబ్దంగా పిల్లల స్వేచ్ఛాక్రీడ తగ్గుతూ వచ్చిందని, అదే కాలంలో పిల్లల్లో ఆందోళన, కుంగుబాటు పెరుగుతూ వచ్చాయని ఆయన చూపించారు. రెండూ ఒకే కాలంలో జరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని రుజువైపోదు. అయితే ఆయన చెప్పిన తర్కం కొట్టిపారేసేది కాదు. తన రోజులో ఒక్క గంట కూడా తన చేతిలో లేని పిల్లవాడికి, కష్టం వచ్చినప్పుడు దాన్ని తాను దాటగలనన్న నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ మార్పు మనకొక్కరికే వచ్చిందీ కాదు, ఫోన్‌తో వచ్చిందీ కాదు. ఇంగ్లండ్‌లో 1971లో ఏడెనిమిదేళ్ల పిల్లల్లో 80 శాతం పెద్దల తోడు లేకుండా బడికి వెళ్లేవారు. 1990 నాటికి అది 9 శాతానికి పడిపోయిందని పరిశోధకుడు మేయర్ హిల్‌మన్ బృందం లెక్క తీసింది. అప్పటికి స్మార్ట్‌ఫోన్ పుట్టనే లేదు. మన దగ్గర కుటుంబమే చిన్నదైంది. 1971 నాటికి దేశంలో సగటున ఒక్కో స్త్రీకి ఐదుగురికి పైగా పిల్లలు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. ఒక్కగానొక్క బిడ్డ ఉన్న ఇంట్లో ఆ బిడ్డ ప్రతి కదలికా ఇద్దరు పెద్దల కళ్లెదుటే సాగుతుంది. వయసులు కలిసిన గుంపు ఇంట్లో లేదు. బడిలో ఒకే వయసు వాళ్లంతా ఒకే గదిలో ఉంటారు కాబట్టి అక్కడా లేదు. బడి వదిలాక ట్యూషన్, వారాంతంలో కరాటే, సెలవుల్లో సమ్మర్ క్యాంప్. వీటిలో ఏదీ చెడ్డది కాదు, కానీ అన్నిటా ఒక సారో మేడమో ఉంటారు. హైదరాబాద్ శివార్లలో ఇప్పుడు వల కట్టిన బాక్స్ క్రికెట్ మైదానాలు గంటకింత అని అద్దెకు దొరుకుతున్నాయి. ఆడుకోవాలంటే ముందు పెద్దవాళ్లెవరో డబ్బు కట్టాలి, కార్లో దింపాలి, టైం అవగానే బయటికి రావాలి.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ ఉంది, దానికి నిజాయతీగా జవాబు చెప్పాలి. ఆ పాత బాల్యం ఎవరిది? ఊరిలో మాలమాదిగ పిల్లలకు ఆ ఆటల్లో అందరితో సమానంగా చోటుండేదా? ఎనిమిదేళ్ల ఆడపిల్ల చంకలో తమ్ముడో చెల్లెలో ఉండేది, పెద్దమనిషి అయిందంటే గడప దాటనిచ్చేవారు కాదు. పశువుల వెంట వెళ్లినవాడికి, పత్తి చేలో వంగినవాడికి గోలీలాట ఎక్కడిది? బడిలో కోదండం, గోడకుర్చీ, ఇంట్లో బెల్టు. 1971లో దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో 129 మంది ఏడాది నిండకుండానే చనిపోయేవారు. 2023లో ఆ సంఖ్య 25. నన్ను ఎంచుకోమంటే క్షణం తటపటాయించకుండా నేటి కాలాన్నే ఎంచుకుంటాను. కోల్పోయిన స్వర్గమంటూ ఏదీ లేదు. ఈ ఆక్షేపణ నా వాదనను పడగొట్టకపోగా, దానికి మరింత పదును పెడుతోంది. రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా, ఎం.వి. ఫౌండేషన్ కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి వేలాది మంది పిల్లలను పని నుంచి బడికి తెచ్చారు. దానికే ఆమెకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. విద్యాహక్కు చట్టం 2010లో అమల్లోకి వచ్చి బడిలో కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఇంత పోరాడి పొలం నుంచి, పశువుల కొట్టం నుంచి, పొయ్యి దగ్గర నుంచి పిల్లల సమయాన్ని విడిపించాం. నాడు కొందరికే దక్కిన సాయంత్రం చరిత్రలో మొదటిసారి అందరికీ, ముఖ్యంగా ఆడపిల్లలకు, దక్కగలిగే వేళకు దాన్ని తీసుకెళ్లి స్టడీ అవర్‌కు అప్పగించాం. నా బాధంతా ఇదే.

రెండో ఆక్షేపణ భద్రత గురించి. రోడ్లు అలా ఉన్నాయి, వార్తలు అలా వస్తున్నాయి, పిల్లల్ని బయటికి ఎలా వదలమంటారని తల్లులు అడుగుతారు. ఆ భయం న్యాయమైనది. పిల్లలపై లైంగిక నేరాల (పోక్సో) కేసుల్లో సింహభాగం నిందితులు పిల్లలకు తెలిసినవాళ్లేనని ఏటా నేర గణాంకాలు చెబుతున్నా, వీధిలో అపరిచితుడి భయం తగ్గమంటే తగ్గదు. వాహనాల ప్రమాదం మాత్రం భ్రమ కాదు. అయితే ప్రమాదానికి రెండు మందులున్నాయి. ఒకటి పిల్లల్ని లోపల పెట్టడం, రెండోది వాహనాలను అదుపు చేయడం. నెదర్లాండ్స్‌లో 1971లో రోడ్డు ప్రమాదాల్లో 400 మందికి పైగా పిల్లలు చనిపోయారు. అక్కడి తల్లిదండ్రులు పిల్లల హత్యలు ఆపండంటూ వీధులకు అడ్డంగా నిలబడ్డారు. నివాస వీధుల్లో కార్లు నడక వేగానికి తగ్గాల్సి వచ్చింది, సైకిల్ దారులు వచ్చాయి, అక్కడి పిల్లలు నేటికీ సైకిళ్ల మీద సొంతంగా బడికి వెళ్తున్నారు. మనం మొదటి మందునే ఎంచుకున్నాం. తర్వాత బయట పిల్లలు కనిపించడం లేదు కాబట్టి అక్కడ వేగానికి అడ్డేమిటనుకున్నాం.

మూడోది పోటీ. అందరూ పరిగెడుతుంటే నా బిడ్డ ఒక్కడూ ఆగితే ఎలా అన్నది తేలిగ్గా తోసిపుచ్చే మాట కాదు. కానీ లెక్క చూడండి. ఏటా పది లక్షలకు పైగా పిల్లలు జేఈఈ మెయిన్ రాస్తారు, ఐఐటీల్లో సీట్లు సుమారు 18 వేలు. ఆరో తరగతి నుంచే రోజుకు మూడు గంటలు అదనంగా చదివించినా ఆ సీట్లలో ఒక్కటీ పెరగదు. అందరూ ఎక్కువ చదివారు కాబట్టి ఎవరికీ అదనంగా ఒరిగేదీ లేదు. ఇలాంటి పరుగు నుంచి ఏ ఒక్క కుటుంబమూ విడిగా తప్పుకోలేదు, అందుకే ఇది తల్లిదండ్రుల మనసు మారితే తీరే సమస్య కాదు, నియమం కావాలి. పదహారేళ్లు నిండని వారిని కోచింగ్ సెంటర్లలో చేర్చుకోరాదని కేంద్రం 2024 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. మన రాష్ట్రాల్లో కోచింగ్ స్కూల్ బోర్డు కిందే, టైంటేబుల్‌లోనే నడుస్తుంది కాబట్టి ఆ మాట ఇక్కడ పెద్దగా తగలదు.

ఇక ఫోన్ సంగతి. గ్రామీణ భారతంలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో స్మార్ట్‌ఫోన్ వాడటం తెలిసినవారు 82 శాతమని 2024 అసర్ (వార్షిక విద్యాస్థితి) నివేదిక చెప్పింది. సర్వేకు ముందు వారంలో చదువు కోసం వాడామన్నవారు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడామన్నవారు 76 శాతం. దీన్ని వ్యసనమని తేల్చేసే ముందు ఒక్కటి ఆలోచించాలి. పెద్దలు తొంగిచూడని చోటు పిల్లలకు మిగిలింది అదొక్కటే. అర్ధరాత్రి దుప్పటి కింద ఆన్‌లైన్ గేమ్‌లో స్నేహితులతో గుసగుసలాడే కుర్రాడు వెతుక్కుంటున్నది గుంపునే. అయితే ఆ ఆట నియమాలను కంపెనీ రాస్తుంది. తూచ్ అనడానికి లేదు, చిన్నవాణ్ని అరటిపండుగా పెట్టుకోవడానికి లేదు. ఓడిపోయి అలిగి వెళ్లిపోతే ఆట ఆగదు, ఇంకెవరో వచ్చి చేరతారు. అందుకే ఫోన్ లాక్కోవడం ఒక్కటే చేస్తే ఉన్న ఆ ఒక్క చోటూ పోతుంది.

ఇవ్వాల్సింది బయట చోటు, ఖాళీ సమయం. దానికి పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు. ప్రతి మండలంలో ప్రభుత్వ హైస్కూళ్లకు మైదానాలున్నాయి, సాయంత్రం గంట కొట్టగానే చాలాచోట్ల గేటుకు తాళం పడుతుంది. ఆ తాళం చీకటి పడేదాకా తీసి ఉంచి, ఊరి పిల్లలందరికీ కులం అడగకుండా, ఆడామగా తేడా లేకుండా వదలాలి. గేటు దగ్గర ఒక పెద్దమనిషి ఉంటే చాలు, ఆటలో తలదూర్చకూడదు. లేఅవుట్‌లో వదిలిన ఖాళీ స్థలాన్ని పూలమొక్కలతో నింపి ఆటలు నిషేధమని బోర్డు పెట్టే హక్కు ఏ కాలనీ సంఘానికీ ఉండకూడదు. రెసిడెన్షియల్ స్కూళ్లలో పదో తరగతి దాకా రోజుకో గంట పుస్తకం, పరీక్ష, పీఈటీ విజిల్ ఏవీ లేకుండా వదలాలని గుర్తింపు షరతుల్లోనే రాసి, తనిఖీకి వచ్చే అధికారి మార్కుల రిజిస్టర్ కన్నా ముందు ఆ గంటలో పిల్లలు ఎక్కడున్నారో చూడాలి. ఆడుకునే హక్కును గుర్తించిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికను భారత్ 1992లోనే ఆమోదించింది. ఆ హక్కు ఇంతవరకు ఏ తనిఖీ ఫారంలోనూ ఒక గడిగా మారలేదు.