పాటీ అలవాటైంది సరే.. బస్టాండ్‌లో బుజ్జాయి సంగతేంటి?

ఇంట్లో అడిగి మరీ పాటీ మీద కూర్చునే రెండున్నరేళ్ల పాప, ఊరు దాటితే చాలు మళ్లీ డైపర్‌లోకి వెళ్లిపోతోందా? ఇది మీ ఒక్కరి ఇబ్బంది కాదు. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి బస్సులో గంట ప్రయాణం. ఆస్పత్రికని, కలెక్టరేట్‌లో పనుందని, రైలు ఎక్కాలని పిల్లల్ని చంకనేసుకుని వచ్చే తల్లులు ఎందరో. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్ ఖర్చు లేదు. ప్రయాణం సులువైంది కానీ, దారిలో పిల్లాడు ‘అమ్మా, వస్తోంది’ అంటే ఎక్కడికి తీసుకెళ్లాలన్నది మాత్రం అలాగే ఉండిపోయింది.

పిల్లలు ఎందుకు మొరాయిస్తారు?

పాటీ చిన్నది, పాదాలు నేలకు ఆనుతాయి. పబ్లిక్ టాయిలెట్‌లో అన్నీ పెద్దవాళ్ల కొలతలే. ఇండియన్ బేసిన్‌లో కాళ్లు పెట్టే మెట్ల మధ్య దూరం చిన్న కాళ్లకు అందదు. వెస్టర్న్ కమోడ్ అయితే లోపలికి జారిపోతామన్న భయం. వీటికి తోడు చీకటి, వాసన, తడి నేల, ఒక్కసారిగా వచ్చే ఫ్లష్ శబ్దం. ఇది మొండితనం కాదు, ఆ వయసుకు సహజమైన భయం.

ఈ భయంతో పిల్లలు ఆపుకోవడం మొదలుపెడతారు. పదేపదే ఆపుకుంటే మలం గట్టిపడుతుంది. వెళ్లినప్పుడు నొప్పి పుడుతుంది. ఆ నొప్పికి భయపడి ఇంకా ఆపుకుంటారు. మూత్రం ఆపుకునే పిల్లల్లో, ముఖ్యంగా ఆడపిల్లల్లో, మూత్రనాళ ఇన్‌ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. మూత్రానికి వెళ్లేటప్పుడు మంట, కారణం తెలియని జ్వరం, మలంలో రక్తం, మూడు రోజులకు మించి విరేచనం కాకపోవడం.. వీటిలో ఏది కనిపించినా పిల్లల డాక్టర్‌కు చూపించండి.

బయట ఎలా అలవాటు చేయాలి?

సాధారణంగా ఏడాదిన్నర నుంచి మూడేళ్ల మధ్య పిల్లలు పాటీకి సిద్ధమవుతారు. ఇంట్లో కొన్ని వారాలు నిలకడగా వెళ్తున్నాకే బయట ప్రయత్నించండి. పాటీ నుంచి నేరుగా బస్టాండ్ టాయిలెట్‌కు దూకించొద్దు. ముందు ఇంట్లోని పెద్ద టాయిలెట్, తర్వాత అమ్మమ్మ ఇల్లు, ఆ తర్వాత తెలిసిన దుకాణం లేదా క్లినిక్.. ఇలా ఒక్కో మెట్టు ఎక్కించండి.

బస్సు ఎక్కే ముందు, దిగగానే ఒకసారి తీసుకెళ్లండి. తిన్న పావుగంట, అరగంటలో విరేచనం వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి టిఫిన్ వేళను ప్రయాణానికి తగ్గట్టు చూసుకోండి. బ్యాగులో నీళ్ల సీసా, సబ్బు, రెండు జతల బట్టలు, తడి బట్టలకు ఒక కవర్ ఉండాలి. మడతపెట్టే పాటీ సీటు ఉంటే ఇంకా మంచిది. బటన్లు, బెల్టులు లేని, సులువుగా కిందికి లాగే ప్యాంటు వేయండి.

ఇండియన్ బేసిన్ మీద పిల్లల వెనుక నిలబడి చంకల కింద గట్టిగా పట్టుకోండి. చీకటిగా ఉంటే ఫోన్ టార్చ్ వేయండి. పిల్లలు బయటికి వచ్చాకే ఫ్లష్ చేయండి. ఆడపిల్లలను ముందు నుంచి వెనక్కి శుభ్రం చేయాలి. పాప తండ్రితో ఉంటే ఎటు వెళ్లాలన్నది మరో చిక్కు. దివ్యాంగుల కోసం ర్యాంపుతో కట్టిన విశాలమైన గది ఉంటే తెరవమని అడగండి. పెద్దవాళ్లు కూడా లోపల నిలబడేంత చోటు ఉంటుంది.

‘చిన్నపిల్లలే కదా’ అని రోడ్డు పక్కన కూర్చోబెడితే?

పసిపిల్లల మలం హానికరం కాదన్నది అపోహ. పెద్దల మలంలాగే అందులోనూ విరేచనాల వంటి రోగాలు తెచ్చే క్రిములు ఉంటాయి. దాన్ని మోరీలో వేయకుండా టాయిలెట్‌లోనే వేయాలి. డైపర్ అయితే కాగితంలో గట్టిగా చుట్టి చెత్తబుట్టలో వేయండి. కమోడ్‌లో పడేస్తే పైపు మూసుకుపోయి, తర్వాత వచ్చేవారికి ఆ టాయిలెట్ కూడా ఉండదు.

నిబంధనలు ఏం చెబుతున్నాయి?

స్వచ్ఛ భారత్ మిషన్ 2014 అక్టోబర్ 2న మొదలైంది. పట్టణాలకు రెండో విడత 2021 అక్టోబర్‌లో వచ్చింది. బహిరంగ మల విసర్జన లేదని ప్రకటించడంతో పని అయిపోదు. ఆ తర్వాతి దశ ఓడీఎఫ్ ప్లస్‌లో టాయిలెట్లు పనిచేస్తున్నాయా, శుభ్రంగా ఉన్నాయా అని చూస్తారు. పిల్లల కోసం ఎత్తు తక్కువ టాయిలెట్లు, వాష్‌బేసిన్ల ప్రస్తావన కూడా ఈ నిబంధనల్లోనే ఉంది.

రాష్ట్రంలో 2020లో మున్సిపాలిటీలకు పెట్టిన లక్ష్యం వెయ్యి మందికి ఒక పబ్లిక్ టాయిలెట్. 2011 లెక్కల ప్రకారం కామారెడ్డి జనాభా సుమారు 80 వేలు. అంటే 80 దాకా కావాలి. 2018లో మున్సిపాలిటీ అయిన ఎల్లారెడ్డికీ ఇదే కొలమానం. అయితే ఈ లెక్క తల లెక్క. మూడేళ్ల పిల్ల అందులో వాడగలిగేవి ఎన్ని అన్నది ఈ అంకెలో కనిపించదు. అసలు లోటు ఇక్కడే ఉంది.

శుభ్రమైన టాయిలెట్ రాజ్యాంగంలోని 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 జనవరి 15న తేల్చింది. ఆ తీర్పు కోర్టు ప్రాంగణాల గురించి ఇచ్చినదే అయినా, సూత్రం బస్టాండ్‌కూ వర్తించాలని అడిగే బలం పౌరులకు ఇచ్చింది. అంగన్‌వాడీల విషయానికొస్తే, సక్షం అంగన్‌వాడీ కింద ఒక్కో టాయిలెట్‌కు ఇచ్చే మొత్తాన్ని కేంద్రం రూ.12 వేల నుంచి రూ.36 వేలకు పెంచింది. మూడేళ్లకు పిల్లలు వెళ్లే మొదటి ‘బయటి’ టాయిలెట్ అదే కాబట్టి, మీ కేంద్రంలో ఉందో లేదో, నీళ్లు వస్తున్నాయో లేదో చూడండి.

ఎవరిని అడగాలి?

పట్టణంలోని పబ్లిక్ టాయిలెట్‌లో నీళ్లు, కరెంట్ లేకపోయినా, జామ్ అయినా ‘స్వచ్ఛత’ యాప్‌లో ఫొటోతో ఫిర్యాదు చేయొచ్చు. రైల్వే స్టేషన్ అయితే 139కి ఫోన్ చేయండి. బస్టాండ్ అయితే డిపో మేనేజర్‌కు చెప్పండి. ఎక్కడా పని కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో అర్జీ ఇవ్వండి.

‘టాయిలెట్ బాగాలేదు’ అని మాత్రమే రాస్తే ఒకసారి కడిగి వదిలేస్తారు. అదే ‘ఒక ఎత్తు తక్కువ బేసిన్, గోడకు పట్టుకునే కడ్డీ, తలుపుకు గొళ్లెం, లోపల ఒక బల్బు కావాలి’ అని రాస్తే అధికారులు అంచనా వేసి పనికి పెట్టగలరు. కట్టేటప్పుడైతే ఇవి అదనపు భారం కావు. కామారెడ్డి స్టేషన్ అమృత్ భారత్ జాబితాలో ఉంది. కొత్త టాయిలెట్ల నమూనా గీసే దశలో అడిగితే అయ్యే పని, టైల్స్ వేశాక అడిగితే కాదు.