ఊళ్లో ఇల్లు, సిటీలో మీరు: ఇంటి పన్ను రికార్డు ఎక్కడ చూడాలి? బిల్లులో ఏం చదవాలి?

త్రిపురాంతకంలో సొంతిల్లు ఉండి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేస్తున్నవారు ఇంటి పన్ను కట్టేందుకు ఆన్‌లైన్‌లో వెతికితే చాలాసార్లు 'వివరాలు లభ్యం కాలేదు' అనే సమాధానమే వస్తుంది. ఇంటికి పన్ను వేయలేదని దీని అర్థం కాదు. మీ రికార్డు ఉన్న చోట మీరు వెతకడం లేదన్నమాట.

ముందు తేల్చుకోవాల్సింది: పంచాయతీయా, మున్సిపాలిటీయా?

పశ్చిమ ప్రకాశంలో మార్కాపురం, గిద్దలూరు పట్టణ స్థానిక సంస్థల పరిధిలో ఉన్నాయి. త్రిపురాంతకం మండల కేంద్రమే అయినా అక్కడ ఉన్నది గ్రామ పంచాయతీ. మార్కాపురంలోని ఇంటి వివరాలు పురపాలక శాఖ దగ్గర, త్రిపురాంతకంలోని ఇంటి వివరాలు పంచాయతీరాజ్ శాఖ దగ్గర ఉంటాయి. ఒకదాని వివరాలు రెండోదాని వెబ్‌సైట్‌లో కనిపించవు.

పట్టణాల్లో ఇల్లు ఉన్నవారు పురపాలక శాఖ పోర్టల్‌లో తమ ఊరిని ఎంచుకుని అసెస్‌మెంట్ నంబరు, యజమాని పేరు లేదా డోర్ నంబరుతో వెతకవచ్చు. 2025 జనవరిలో మొదలైన 'మన మిత్ర' వాట్సాప్ సేవ (95523 00009) ద్వారానూ ఆస్తి పన్ను కట్టవచ్చు. పంచాయతీల ఇంటి పన్నుకు పంచాయతీరాజ్ శాఖ వారి 'స్వర్ణ పంచాయతీ' పోర్టల్ ఉంది. అందులోనూ మీ ఇల్లు కనిపించకపోతే గ్రామ సచివాలయంలో పంచాయతీ కార్యదర్శిని కలిసి డిమాండ్ రిజిస్టర్ చూపించమని అడగండి. పాత రసీదు మీద ఉన్న అసెస్‌మెంట్ నంబరు చెబితే వెతకడం తేలిక.

చాలామంది మీభూమిలో వెతుకుతుంటారు. అడంగల్, 1బీ వ్యవసాయ భూములకు సంబంధించినవి. ఊరి మధ్యలో గ్రామ కంఠంలో ఉన్న ఇంటి పన్ను వివరాలు వాటిలో ఉండవు.

బిల్లులో ఏముంటుంది?

యజమాని పేరు, డోర్ నంబరు, అసెస్‌మెంట్ నంబరు, ఈ ఏడాది డిమాండ్, పాత బకాయి, బకాయిపై వడ్డీ ఉంటాయి. చాలామంది చివరి మొత్తం చూసి కట్టేస్తారు. డిమాండ్, బకాయి, వడ్డీలను విడివిడిగా చూస్తేనే పన్ను పెరిగిందా, పాత బాకీ పేరుకుపోయిందా అన్నది తెలుస్తుంది. కట్టిన సొమ్ము బకాయిగా కనిపిస్తుంటే రసీదు చూపించి సరిచేయించుకోవచ్చు. అందుకే రసీదు ఫొటో ఫోన్‌లో ఉంచుకోవడం మంచిది.

బిల్లులో గ్రంథాలయ పన్ను కూడా ఉంటుంది. పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున దీన్ని స్థానిక సంస్థలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. వెయ్యి రూపాయల ఇంటి పన్ను ఉంటే 80 రూపాయలు దీనికే. పంచాయతీల్లో నీటి పన్ను, వీధి దీపాల పన్ను వంటివి కలిసి ఉండొచ్చు. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఇంటి పన్ను తప్పనిసరి. మిగతా వాటిలో కొన్ని పంచాయతీ తీర్మానాన్ని బట్టి ఉంటాయి. ఏది ఎందుకు వేశారో కార్యదర్శిని అడిగే హక్కు మీకుంది.

పట్టణాల్లో పన్ను ఎందుకు పెరుగుతోంది?

గతంలో ఇంటికి ఏడాదికి ఎంత అద్దె వస్తుందన్న అంచనా మీద పన్ను వేసేవారు. 2020 నవంబరులో చట్టాన్ని సవరించి, 2021 ఏప్రిల్ 1 నుంచి మూలధన విలువ పద్ధతిలోకి మారారు. స్థలం, భవనం రిజిస్ట్రేషన్ విలువ ఎంతుంటే దానిలో కొంత శాతం పన్నుగా వేస్తారు. నివాస భవనాలకు ఇది 0.10 నుంచి 0.50 శాతం మధ్య ఉండొచ్చు. 375 చదరపు అడుగుల లోపు ఇంట్లో యజమానే ఉంటుంటే ఏడాదికి 50 రూపాయలు.

ఒక్కసారిగా భారం పడకుండా, పెంపు ఏడాదికి 15 శాతం మించకూడదని పరిమితి పెట్టారు. వినడానికి ఇది చిన్న అంకెే. అయితే 15 శాతం ఏటా ముందటి ఏడాది పన్ను మీద లెక్కిస్తారు. పాత పన్ను 1,000 రూపాయలు అనుకుందాం. పరిమితిని పూర్తిగా వాడితే మొదటి ఏడాది 1,150, రెండో ఏడాది సుమారు 1,322, మూడో ఏడాది 1,521, నాలుగో ఏడాది 1,749, అయిదో ఏడాది 2,011 అవుతుంది. అంటే అయిదేళ్లలో రెట్టింపు. మూలధన విలువ ప్రకారం కట్టాల్సిన పన్ను వచ్చేదాకా ఈ పెంపు సాగుతుంది. కాబట్టి ఇంటి విస్తీర్ణం, వాడకం (నివాసమా, వాణిజ్యమా) తప్పుగా నమోదైతే ఆ తప్పు కూడా ఏటా పెరుగుతుంది. ప్లాన్ లేకుండా కట్టిన భవనమని నమోదైతే పన్నుకు సమానంగా జరిమానా కూడా పడుతుంది.

పట్టణాల్లో ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30లోపు కడితే 5 శాతం రాయితీ ఉంది. గడువు దాటితే నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. ఏడాదికి అది 24 శాతం. బ్యాంకు పర్సనల్ లోన్ కంటే ఇదే ఎక్కువ కావొచ్చు.

పేరు ఎవరిది?

ఊరు విడిచి వచ్చినవారి ఇళ్లలో ఎక్కువగా కనిపించే చిక్కు ఇదే. ఇల్లు నాన్న పేరునో తాత పేరునో ఉంటుంది. వాళ్లు పోయాక కూడా అదే పేరు మీద పన్ను కడుతూ వస్తారు. పంచాయతీకి డబ్బు అందుతోంది కాబట్టి ఎవరూ అడగరు. అమ్మాలన్నా, బ్యాంకు రుణం తీసుకోవాలన్నా, కరెంటు మీటరు మార్చాలన్నా అప్పుడు సమస్య బయటపడుతుంది.

ఇందులో రెండు అపోహలు ఉన్నాయి. పన్ను రసీదు మన పేరు మీద ఉంటే ఇల్లు మనదైపోతుందనేది మొదటిది. పన్ను రికార్డు పన్ను ఎవరు కట్టాలో చెబుతుంది. యాజమాన్యాన్ని తేల్చదు. రికార్డుల్లో పేరు మారినంత మాత్రాన హక్కు రాదని 2021లో జితేంద్ర సింగ్ కేసులో సుప్రీంకోర్టు మరోసారి చెప్పింది. హక్కుకు రిజిస్టర్డ్ దస్తావేజు, వీలునామా, భాగపరిష్కారం వంటివే ఆధారం. అన్నదమ్ముల్లో ఒకరు తన పేరు ఎక్కించుకున్నంత మాత్రాన మిగతావారి వాటా, అందులో అక్కచెల్లెళ్లదీ, పోదు.

హక్కు తేల్చదు కాబట్టి పేరు మార్చుకోకపోయినా ఏమీ కాదనేది రెండోది. నోటీసు ఎవరి పేరున వస్తుందో, ఇల్లు ఎవరి స్వాధీనంలో ఉందో చూపేటప్పుడు ఈ రికార్డే ముందుకొస్తుంది. గ్రామ కంఠంలోని చాలా పాత ఇళ్లకు రిజిస్టర్డ్ కాగితాలు ఉండవు. అక్కడ ఏళ్ల తరబడి కట్టిన పన్ను రసీదులు ఒక్కటే సరిపోకపోయినా బలమైన తోడు సాక్ష్యం. 2020 ఏప్రిల్‌లో కేంద్రం మొదలుపెట్టిన స్వామిత్వ పథకంలో డ్రోన్లతో కొలిచి ఇళ్ల స్థలాలకు కార్డులు ఇస్తున్నారు. మీ ఊళ్లో సర్వే జరుగుతున్నప్పుడు సరిహద్దులు చూపించేవారు ఉండేలా చూసుకోండి.

ఇప్పుడు ఏం చేయాలి?

మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, దస్తావేజు ఉంటే దాని నకలు, తాజా పన్ను రసీదుతో పేరు మార్పుకు దరఖాస్తు చేయండి. పట్టణంలో మున్సిపల్ కమిషనర్‌కు, ఊళ్లో పంచాయతీ కార్యదర్శికి ఇవ్వాలి. వారసులందరి అంగీకారం రాతపూర్వకంగా ఉంటే పని సులువవుతుంది. విస్తీర్ణమో, పన్నో తప్పనిపిస్తే నోటీసులో రాసిన గడువులోగా అభ్యంతరం రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.

రిజిస్టర్ చూపించకపోతే సమాచార హక్కు చట్టం కింద మీ ఇంటి అసెస్‌మెంట్ నకలు అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. పని జరగకపోతే 1100 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. పండక్కి ఊరు వెళ్లినప్పుడు ఒక పూట సచివాలయానికి కేటాయించి రికార్డులో పేరు, కొలతలు, బకాయి చూసుకోండి. పెద్దవాళ్లు ఉండగా ఇవి సరిచేసుకోవడం తేలిక. వాళ్లు పోయాక సంతకాల కోసం నలుగురు వారసులను నాలుగు ఊళ్ల నుంచి పిలిపించాల్సి వస్తుంది.