రెండు రోజులు పిల్లల్ని అతిథుల్లా చూడకండి



జూన్‌లో బడి తెరవగానే ఏడో తరగతికి నేనిచ్చే మొదటి కాంపోజిషన్ ఏటా ఒకటే: ‘హౌ ఐ స్పెంట్ మై సమ్మర్ హాలిడేస్’. ఈసారి 38 నోట్‌బుక్కులు దిద్దాను. చాలావరకు ఒకే మాటతో ముగిశాయి: ‘వి ఎంజాయ్డ్ ఎ లాట్’. ఊటీ వెళ్లినా, దుబాయ్ వెళ్లినా, అమ్మమ్మగారి ఊరు వెళ్లినా అదే ముగింపు. గ్రామర్ బాగానే ఉంటుంది. పిల్లవాడు మాత్రం అందులో కనిపించడు.

ఒక్క నోట్‌బుక్ దగ్గర ఆగాను. క్లాసులో పెద్దగా మాట్లాడని అబ్బాయిది. వేసవిలో వాళ్లు అమెరికాలో ఉన్న మేనమామ ఇంటికి వెళ్లారు. అక్కడ ఆర్వీ ఒకటి అద్దెకు తీసుకుని రెండు కుటుంబాలూ ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకి వెళ్లి, కొండల మధ్య క్యాంప్‌గ్రౌండ్‌లో మూడు రాత్రులు ఉన్నాయి. ఆర్వీ అంటే మంచాలు, వంటగట్టు, టాయిలెట్ అన్నీ ఉన్న బండి. సినిమా షూటింగుల దగ్గర హీరోల కోసం ఆపి ఉంచే కారవాన్ లాంటిదే.

వేడినీళ్లు ఆకాశానికి చిమ్మే ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గురించి ఆ అబ్బాయి రాసింది ఒకే వాక్యం. మిగతా పేజీ అంతా నీళ్ల ట్యాంకు గురించే. ట్యాంకు మీటరు చూసే డ్యూటీ తనకిచ్చారట. రెండో రోజు పొద్దునకే సగం కంటే తగ్గిపోతే, పిన్నికీ అక్కకీ చెప్పి తలస్నానాలు ఆపించాడట. ‘ఆ రోజు అందరూ నా మాట విన్నారు’ అని రాశాడు.

ఆ బండిలో నీళ్లకు అంత లెక్క ఎందుకు? ఎల్లోస్టోన్ క్యాంప్‌గ్రౌండ్లలో బండి ఆపిన చోటే నీళ్లు, కరెంటు, మురుగు పైపు కనెక్షన్ ఇచ్చేది ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్వీ పార్కు ఒక్కటే. మిగతా చోట్ల ముందే నింపుకున్న నీళ్లతో సరిపెట్టుకోవాలి. వాడిన నీళ్లు బండి కిందున్న ట్యాంకులోకి చేరతాయి. వాటిని నేలమీద పారబోయకూడదు, డంప్ స్టేషన్‌కి తీసుకెళ్లి ఖాళీ చేయాలి. రాత్రిపూట నిశ్శబ్దం పాటించాలి, జనరేటర్ వేయకూడదు. ఎలుగుబంట్లు వాసన పట్టి వస్తాయి కాబట్టి తిండి, గిన్నెలు, చెత్త ఏదీ బయట వదలకూడదు. ఎలుగుబంటి కనిపిస్తే కనీసం 91 మీటర్ల దూరంలో, అడవిదున్నకు 23 మీటర్ల దూరంలో ఉండాలి. ఈ నియమాలు పెద్దలకెంతో పిల్లలకూ అంతే. చిప్స్ పాకెట్ బయట వదిలేసింది పన్నెండేళ్ల పిల్లవాడే అయినా వచ్చేది ఎలుగుబంటే.

అలాంటి చోట పిల్లవాడు అతిథిగా ఉండలేడు, ఏదో ఒక పని చూసుకోవాల్సిందే. మన ఇళ్లలో దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరుగుతోంది. ‘నువ్వు చదువుకో చాలు, మిగతావి మేం చూసుకుంటాం’ అంటాం. ప్రేమతోనే అంటాం. మా అమ్మా అలాగే అంది. బీఈడీకి హాస్టల్లో చేరే వరకు నాకు అన్నం వండడం రాదు. కానీ క్లాసులో దీని ఫలితం రోజూ చూస్తున్నాను. పెన్ను రాయకపోయినా, పేజీ చిరిగినా, పుస్తకంలో లేని ప్రశ్న అడిగినా లేచి నిలబడి ‘మిస్, ఇప్పుడేం చేయాలి?’ అంటారు. తెలివి లేక కాదు, అలవాటు లేక. కాంపోజిషన్‌లో రాయడానికి ఏమీ లేకపోవడానికీ కారణం అదే. అన్నీ ఎవరో చేసిపెట్టిన సెలవుల గురించి ‘ఎంజాయ్డ్ ఎ లాట్’ కంటే ఏం రాయగలరు?

అమెరికా వెళ్లమనో, కారవాన్ అద్దెకు తీసుకోమనో నేను అనడం లేదు. కారవాన్లు మన దేశంలోనూ మొదలయ్యాయి. కేరళ 2021లో కారవాన్ టూరిజం పథకం ప్రకటించి, మరుసటి ఏడాది వాగమన్ కొండల్లో పార్కు తెరిచింది. అయితే దీనికి బండి అంత ముఖ్యం కాదు. హైదరాబాద్ వాళ్లకు వికారాబాద్ అనంతగిరి కొండలున్నాయి, రాయలసీమ వాళ్లకు మదనపల్లె దగ్గర హార్సిలీ హిల్స్, విశాఖ వాళ్లకు అరకు, లంబసింగి. అనుమతి ఉన్న చోట టెంటైనా, మామూలు గది అయినా చాలు. బఫే ఉన్న రిసార్టు మాత్రం వద్దు.

వెళ్లే ముందు మీ బాబుకో పాపకో మూడు పనులు అప్పగించండి: తాగే నీళ్ల లెక్క, సామాన్ల జాబితా, చెత్త సంచి. తీసుకెళ్లిన ప్రతి ప్లాస్టిక్ కవరూ తిరిగి ఇంటికి రావాలి. పొయ్యి, వాగు, ఘాట్ రోడ్డు దగ్గర జాగ్రత్త పెద్దలదే, అందులో రాజీ వద్దు. ఆ మూడు పనుల్లో మాత్రం వేలు పెట్టకండి. తను దుప్పటి మరిచిపోతే లంబసింగి చలిలో ఎవరో ఒకరితో పంచుకుంటాడు. బిస్కెట్లు మరిచిపోతే ఆ పూట అరటిపళ్లతో గడుస్తుంది. ‘నేను ముందే చెప్పానా’ అనకుండా ఉండటమే మీకు కష్టమైన పని.

‘ఫౌండేషన్ క్లాసులు, హాలిడే హోంవర్క్ ఉండగా టైమెక్కడిది?’ అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ హోంవర్క్ ఇచ్చేది మేమే, ఆ తప్పులో మాకూ వాటా ఉంది. ఒక్క ట్రిప్పుతో మార్కులు పెరుగుతాయని నేను చెప్పను. పెరగకపోవచ్చు కూడా. కానీ తను లేకపోతే జరగని పని ఒకటి ఉందని పిల్లవాడికి తెలియడం చిన్న విషయం కాదు.

కాబట్టి నా వైపు నుంచి ఒక మాట. రాబోయే దసరా సెలవుల్లో మీరు అలా రెండు రోజులు వెళ్తే, ఆ రెండు రోజుల ఇంగ్లిష్ వర్క్‌షీట్లు నేను అడగను. వాటికి బదులు ఒక్క పేజీ చాలు: అక్కడ నువ్వు ఏ పని చూసుకున్నావు, ఎక్కడ పొరపాటు చేశావు? స్పెల్లింగులు నేను దిద్దుకుంటాను. ఆ పేజీ మాత్రం మీరు రాసిపెట్టకండి.